హక్కుల కమిషన్ డబ్బు ఎక్కడ ఆగుతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు ప్రభుత్వం సరిగ్గా నిధులివ్వడం లేదు, బడ్జెట్ పెంచమని హైకోర్టులో పిల్ వేద్దామనుకుంటున్నారు, అది నిలుస్తుందా? వేరే దేశాల్లో ఇలాంటి సంస్థలకు డబ్బు ఎలా అందుతుంది? లా చివరి సంవత్సరం అన్నారు కాబట్టి సెక్షన్ల జోలికి కాస్త ఎక్కువే వెళ్తాను.

నా సంగతి చెప్పాలంటే, ఖజానా శాఖలో చేరి, ఆర్థిక శాఖ బడ్జెట్ సెక్షన్లో చాలాకాలం కూర్చుని, రిటైరయ్యే ముందు నాలుగేళ్ళు ఒక రాష్ట్ర హక్కుల కమిషన్‌లో డెప్యుటేషన్ మీద లెక్కలు చూశాను. ఏ రాష్ట్రమన్నది వదిలేద్దాం. డబ్బు కావాలని ఫైళ్ళు రాసిందీ నేనే, అంతకుముందు అలాంటి ఫైళ్ళను కొర్రీలు పెట్టి తిప్పి పంపిందీ నేనే.

ముందు జవాబు చెప్పేస్తాను. ‘బడ్జెట్ పెంచండి’ అని అడిగే పిల్ నిలవడం కష్టం. నిలిచి, అంకె పెరిగినా, మీరు కోరుకున్నది జరుగుతుందన్న నమ్మకం నాకు లేదు. ఎందుకో తెలియాలంటే తపాలా బిళ్ళల దగ్గర మొదలుపెట్టాలి.

నేను చేరిన ఏడాది బడ్జెట్ పుస్తకంలో కమిషన్ పేరుకెదురుగా ఉన్న అంకె చూస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు. అంత చిన్న సంస్థకు ఫరవాలేదనిపించే మొత్తమే. డిసెంబరులో ఒకరోజు డిస్పాచ్ గుమాస్తా తన రిజిస్టర్ తెచ్చి నా బల్ల మీద తెరిచి పెట్టాడు. ఎడమవైపు నోటీసుల నంబర్లు వరుసగా ఉన్నాయి. కుడివైపు ‘పోస్టు చేసిన తేదీ’ గడి మూడు వారాలుగా ఖాళీ. స్టాంపులు, రిజిస్టర్ పోస్టు ఖర్చుకు పెట్టిన పద్దు అయిపోయింది, తర్వాతి క్వార్టర్ విడుదల రాలేదు. రాసి, సంతకాలు అయిపోయి, కవర్లలో పెట్టిన నోటీసులు రబ్బరు బ్యాండ్లు వేసి బీరువా మీద పేర్చి ఉన్నాయి. అందులో ఒకటి లాకప్‌లో చనిపోయిన మనిషి కేసుది, ఎస్పీని నివేదిక అడుగుతూ. ఆ మనిషి తల్లి వాయిదాకు వచ్చింది. అవతలివాళ్ళకు నోటీసే అందలేదు కాబట్టి కేసు ఇంకో నెలకు పడింది. ఆమె రానూపోనూ బస్సు చార్జీ ఏ పద్దులోకీ రాదు.

ఆ రోజుకి కమిషన్ పేరున వాహనాల పద్దులో డబ్బు మిగిలే ఉంది. అందులోంచి నాలుగు రూపాయలు స్టాంపులకు మళ్ళించే అధికారం మాత్రం ఛైర్మన్‌కు లేదు. హైకోర్టులో జడ్జీగా చేసి వచ్చిన మనిషికి! పద్దు మార్చాలంటే నోడల్ శాఖ (ప్రభుత్వంలో కమిషన్ వ్యవహారాలు చూసే శాఖ) ద్వారా ఆర్థిక శాఖకు ఫైలు వెళ్ళాలి. వెళ్ళింది. అక్కడ నా పాత కుర్చీలో ఉన్న కుర్రాడు ‘గత మూడేళ్ళ తపాలా ఖర్చు వివరాలు పంపగలరు’ అని రాసి తిప్పి పంపాడు. అతన్ని ఏమీ అనలేను, అతని స్థానంలో నేనున్నా అదే రాసేవాణ్ణి.

ఇప్పుడు చట్టం తీయండి. మానవ హక్కుల పరిరక్షణ చట్టం, 1993లో 33వ సెక్షన్ రాష్ట్ర కమిషన్ డబ్బు గురించి. జాతీయ కమిషన్‌కు అచ్చం అలాంటిదే 32వ సెక్షన్. శాసనసభ ఆమోదం తర్వాత ప్రభుత్వం ‘తనకు తగునని తోచిన’ మొత్తాన్ని గ్రాంటుగా చెల్లించాలని మొదటి ఉపసెక్షన్ చెబుతుంది. ఆ గ్రాంటులోంచి తన విధులకు తగునని తోచినంత ఖర్చు పెట్టుకోవచ్చని రెండోది కమిషన్‌కు చెబుతుంది. ‘తోచినంత’ అన్న మాట రెండుసార్లూ ఉంది. ఒకటి ప్రభుత్వానికి, ఒకటి కమిషన్‌కు. ఎంత ఇవ్వాలో ప్రభుత్వం ఇష్టం, ఇచ్చాక దేనికి ఖర్చు పెట్టాలో కమిషన్ ఇష్టం. చట్టం ఉద్దేశం అదీ. నేను చూసిన చోట మొదటి ఇష్టం నిక్షేపంగా అమలైంది. రెండోదాన్ని పద్దుల పట్టిక మింగేసింది. గ్రాంటుగా ఒక్క మొత్తంలో ఇవ్వాల్సిన డబ్బును మామూలు సర్కారీ ఆఫీసుకు పంచినట్టు జీతాలకింత, ప్రయాణాలకింత, ఆఫీసు ఖర్చులకింత అని ముక్కలు చేసి ఇచ్చారు. ఎవరూ కుట్ర పన్నలేదు. ఏ సంవత్సరమో ఎవరో అలా మొదలుపెట్టారు, తర్వాతివాళ్ళు అదే ఫారం నింపుకుంటూ పోయారు.

మన తెలుగు రాష్ట్రాల బడ్జెట్ పుస్తకాలు తిరగేసేటప్పుడు ఈ తేడా పట్టుకోవడం తేలికే. 010 అంటే జీతాలు, 110 ప్రయాణాలు, 130 ఆఫీసు ఖర్చులు, 310 గ్రాంట్-ఇన్-ఎయిడ్. మీ కమిషన్ పేరు కింద 310 ఉందో, మిగతావి ఉన్నాయో ముందు చూడండి. మీ వాదన సగం అక్కడే తేలుతుంది.

అంకె పుస్తకంలోకి ఎక్కడం మొదటి మెట్టు మాత్రమే. ఆ తర్వాత బడ్జెట్ రిలీజ్ ఆర్డర్ రావాలి, మనవాళ్ళు బీఆర్ఓ అంటారు. ఏడాది మొత్తానికి ఒకేసారి రాదు, విడతలుగా వస్తుంది. వచ్చాక బిల్లు పెట్టాలి, టోకెన్ నంబర్ పడాలి, ఖజానాలో ఫ్రీజింగ్, అంటే చెల్లింపుల నిలిపివేత, లేకుండా ఉండాలి. మార్చి రెండో వారంలో వచ్చిన బీఆర్ఓ ఎందుకూ కొరగాదు. ముప్పై ఒకటో తేదీ రాత్రికి ఖర్చు కాని డబ్బు మురిగిపోతుంది. మరుసటి ఏడాది బడ్జెట్ సమీక్షలో ‘నిరుడు ఇచ్చిందే ఖర్చు పెట్టలేకపోయారు కదా’ అని అదే ఆర్థిక శాఖ అడుగుతుంది. చేతులు కట్టేసి అన్నం తినలేదేమని అడిగినట్టు ఉంటుంది. నేను ఆ ప్రశ్న అడిగాను కూడా, కుర్చీ అవతలి వైపు ఉన్నప్పుడు.

అందుకే ఇలాంటి సంస్థల గురించి ఎవరైనా ‘బడ్జెట్ ఎంత’ అంటే నేను మూడు అంకెలు అడుగుతాను: పెట్టిందెంత, విడుదలైందెంత, ఖర్చయిందెంత. పత్రికలు రాసేది మొదటిదొక్కటే.

వేరే దేశాల సంగతికి వస్తే, అందరూ చెప్పుకునే ప్రమాణం పారిస్ సూత్రాలు. 1991లో పారిస్‌లో జరిగిన సమావేశంలో తయారై, 1993 డిసెంబరు 20న ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ 48/134 తీర్మానంగా ఆమోదించింది. డబ్బు గురించి అందులో ఉన్నది చాలా కొద్ది. తగినన్ని నిధులుండాలి, ఆ నిధులు దేనికంటే సంస్థకు సొంత సిబ్బంది, సొంత కార్యాలయం ఉండటానికి, ప్రభుత్వం మీద ఆధారపడకుండా, స్వతంత్రతను దెబ్బతీసే ఆర్థిక అదుపు లేకుండా ఉండటానికి. ఎంత అన్న అంకె ఎక్కడా లేదు చూడండి. దాన్ని రాసినవాళ్ళు అదుపు ఎవరి చేతిలో ఉందన్నదే పట్టించుకున్నారు. ఈ సంస్థలకు హోదాలిచ్చే ప్రపంచ కూటమి తర్వాత ఇంకాస్త వివరంగా రాసింది. బడ్జెట్లో విడి పద్దు ఉండాలి, దాని మీద పూర్తి అజమాయిషీ సంస్థదే కావాలి, జీతాలు అలాంటి పనే చేసే మిగతా స్వతంత్ర సంస్థల ఉద్యోగులకు దీటుగా ఉండాలి, విదేశీ దాతల సొమ్ము అసలు ఖర్చులకు ఆధారం కాకూడదు, ఎందుకంటే ఆ బాధ్యత రాజ్యానిది.

ఇవన్నీ కాగితం మీద ఉన్నా ఏం జరుగుతుందో చూడాలంటే ఫిలిప్పీన్స్‌ను మించిన ఉదాహరణ లేదు. అక్కడి మానవ హక్కుల కమిషన్ రాజ్యాంగంలోనే ఉంది. అప్పటి అధ్యక్షుడు డుటెర్టే మాదకద్రవ్యాల మీద యుద్ధం పేరిట వేలమంది చనిపోతుంటే ఆ కమిషన్ ప్రశ్నించింది. 2017 సెప్టెంబరు 12న అక్కడి ప్రతినిధుల సభ కమిషన్‌కు మరుసటి ఏడాది బడ్జెట్‌గా వెయ్యి పెసోలు కేటాయిస్తూ 119–32 ఓట్లతో తీర్మానించింది. వెయ్యి కోట్లు కాదు, వెయ్యి. మన డబ్బుల్లో అప్పటికి పన్నెండు వందల పైచిలుకు రూపాయలు. జనం గోల పెట్టాక, సెనేట్ కూడా కలిసిరాకపోయాక వెనక్కి తగ్గి 50 కోట్ల పెసోలకు పైగా మళ్ళీ పెట్టారు.

వార్త అందరికీ గుర్తుంది. దానికి సందు ఎక్కడ దొరికిందో తక్కువమంది చూశారు. 1987 నాటి ఫిలిప్పీన్స్ రాజ్యాంగం 13వ అధికరణం 17వ సెక్షన్లో కమిషన్‌కు ఆమోదించిన నిధులు ‘తమంతట తాముగా, క్రమం తప్పకుండా’ విడుదల కావాలని ఉంది. అంటే మన బీఆర్ఓ బాధ వాళ్ళకు రాజ్యాంగమే తీర్చేసింది. అదే రాజ్యాంగం న్యాయవ్యవస్థ విషయంలో ఇంకో వాక్యం ముందుగా చేర్చింది: చట్టసభ దాని నిధులను నిరుటి కంటే తగ్గించకూడదు, ఆమోదించాక తమంతట తాముగా విడుదల కావాలి. కమిషన్‌కు రెండో సగం ఇచ్చి మొదటి సగం ఇవ్వలేదు. న్యాయవ్యవస్థకున్న ఆర్థిక స్వయంప్రతిపత్తి కమిషన్‌కు లేదని అక్కడి సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. ఇక ఆ వెయ్యి పెసోలు అడ్డూ ఆపూ లేకుండా ‘తమంతట తాముగా’ విడుదలై ఉండేవన్నమాట.

మన దగ్గర దీనికి పూర్తిగా తిరగేసిన బొమ్మ కనిపిస్తుంది. ఏ శాసనసభా వెయ్యి రూపాయలు పెట్టి నలుగురిలో అల్లరిపాలు కాదు. గౌరవప్రదమైన అంకె పెట్టి, విడుదల దగ్గర ఆపితే వార్త కూడా రాదు.

దక్షిణ కొరియాలో 2009లో ఇంకో పద్ధతి చూశారు. అక్కడి కమిషన్ పోస్టులను 208 నుంచి 164కు కుదించారు. ఐర్లాండ్‌లో ఆర్థిక సంక్షోభం పేరు చెప్పి 2009 బడ్జెట్లో హక్కుల కమిషన్ నిధులను 32 శాతం కోశారు. ఆ దెబ్బ తర్వాత 2014లో కొత్త చట్టం వచ్చి, సమానత్వ సంస్థతో కలిపి కొత్త కమిషన్ ఏర్పడి, మంత్రిత్వ శాఖ పద్దులోంచి బయటపడి సొంత పద్దు సంపాదించుకుంది. కెన్యా 2010 రాజ్యాంగం 249వ అధికరణం ఒక అడుగు ముందే వేసింది. ప్రతి స్వతంత్ర కమిషన్‌కు పార్లమెంటు తగినన్ని నిధులివ్వాలి, ప్రతిదానిదీ విడి పద్దుగా ఉండాలి అని రాసేసింది.

నాకు మాత్రం అన్నిటికంటే పనికొచ్చినట్టనిపించేది దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 1999లో ఎన్నికల కమిషన్ కేసులో చెప్పిన మాట. ఆ కమిషనూ, హక్కుల కమిషనూ అక్కడి రాజ్యాంగంలో ఒకే అధ్యాయం పిల్లలు. డబ్బు ఇవ్వాల్సింది మంత్రిత్వ శాఖ కాదు, పార్లమెంటు అని, కమిషన్ నేరుగా పార్లమెంటు ముందుకో దాని కమిటీ ముందుకో వచ్చి తన అవసరాలు చెప్పుకునే అవకాశం ఉండాలని కోర్టు అంది. మన కమిషన్ ఛైర్మన్ ఏనాడైనా శాసనసభ కమిటీ ముందు కూర్చుని ‘నాకు ఇంత కావాలి, ఇందుకు కావాలి’ అని చెప్పడం ఊహించండి. ఇక్కడ ఆ మాట చెప్పేది నోడల్ శాఖలో డిప్యూటీ సెక్రటరీ, అదీ తన శాఖ అడిగే ఇరవై పద్దుల మధ్య ఒకటిగా. ఢిల్లీలో అయితే జాతీయ కమిషన్‌కు నోడల్ శాఖ హోం మంత్రిత్వ శాఖ. పోలీసుల మీద, కేంద్ర బలగాల మీద ఫిర్యాదులు విచారించే సంస్థ ఆ గుమ్మం ముందే చేయి చాచాలి.

మన దేశంలో దీనికి దారి లేదా అంటే ఉంది. మీలాంటి లా విద్యార్థులు దీని మీద పడితే బాగుంటుందని ఎప్పటినుంచో నా కోరిక. ‘చార్జ్‌డ్’ వ్యయం గురించి చదివే ఉంటారు. సంఘటిత నిధి (ప్రభుత్వ ప్రధాన ఖజానా) మీద నేరుగా భారం వేసే ఖర్చు. దానికి సభలో ఓటింగ్ ఉండదు, చర్చ మాత్రం జరగొచ్చు (కేంద్రంలో 113వ అధికరణం, రాష్ట్రంలో 203). సుప్రీంకోర్టు, కాగ్, యూపీఎస్సీల పాలనా ఖర్చులు ఇలా రాజ్యాంగమే కట్టబెట్టినవి. రాజ్యాంగంలో లేని సంస్థలకు ఇది కుదరదని చాలామంది అనుకుంటారు. తప్పు. సెంట్రల్ విజిలెన్స్ కమిషన్ చట్టం, 2003లో 13వ సెక్షన్ చూడండి. లోక్‌పాల్ చట్టం, 2013లోనూ కాకతాళీయంగా 13వ సెక్షనే. రెండూ మామూలు చట్టాలతో పుట్టిన సంస్థలు, రెండిటి ఖర్చూ సంఘటిత నిధి మీద చార్జ్ అవుతుంది. రాజ్యాంగం 112(3)లో చివరి క్లాజు పార్లమెంటు చట్టం ద్వారా ఏ ఖర్చునైనా అలా ప్రకటించవచ్చంటోంది. లంచాలు పట్టే సంస్థలకు ఇచ్చిన ఈ రక్షణ లాకప్ చావులు విచారించే సంస్థకు ఎందుకివ్వలేదో నాకు ఎవరూ నచ్చేలా చెప్పలేదు. అన్నట్టు, ఎన్నికల సంఘానికి కూడా ఇది లేదు. 2023 మార్చిలో అనూప్ బరన్‌వాల్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు దాని ఖర్చును చార్జ్‌డ్ చేసే విషయం ఆలోచించమని పార్లమెంటుకు, కేంద్రానికి విజ్ఞప్తి మాత్రం చేసి ఊరుకుంది. రాజ్యాంగ ధర్మాసనం కూడా డబ్బు విషయంలో ఆదేశం దాకా వెళ్ళలేదని గమనించండి. మీ పిల్ గురించి నా భయం అందుకే.

రాష్ట్ర కమిషన్ల విషయంలో ఒక చిక్కుముడి ఉంది. కమిషన్‌ను పుట్టించింది కేంద్ర చట్టం. రాష్ట్ర సంఘటిత నిధి మీద చార్జ్ వేయాలంటే మాత్రం రాజ్యాంగం 202(3)(ఎఫ్) ప్రకారం రాష్ట్ర శాసనసభ చట్టం చేయాలి. కాబట్టి 33వ సెక్షన్ మార్చమని ఢిల్లీకి ఉత్తరాలు రాస్తే సగం పనే అవుతుంది. పైగా ఒక ఖర్చును చార్జ్‌డ్‌గా ప్రకటించే బిల్లు 199(1)(ఇ) పరిధిలోకి వస్తుంది, గవర్నర్ సిఫారసు లేకుండా సభలో పెట్టలేరు. అంటే ప్రతిపక్ష సభ్యుడు ప్రైవేటు బిల్లుగా తెచ్చి నెగ్గించగలిగేది కాదు, ప్రభుత్వం ఒప్పుకోవాలి.

ఒప్పుకున్నా అన్నీ తీరిపోతాయనుకోకండి. ఘనా రాజ్యాంగం 227వ అధికరణం అక్కడి హక్కుల కమిషన్ పాలనా ఖర్చులను సంఘటిత నిధి మీదే వేసింది. అయినా ఆ కమిషన్ డబ్బు చాలడం లేదని మొత్తుకోవడం ఆగలేదు. చార్జ్ చేయడం ఓటింగ్ నుంచి కాపాడుతుంది, అంకె వేసే కలాన్ని మాత్రం చేతులు మార్చదు. ఫిలిప్పీన్స్ న్యాయవ్యవస్థకున్న ‘నిరుటి కంటే తగ్గించరాదు’ అన్న వాక్యం, ఏప్రిల్ మొదటి వారంలో మొత్తం గ్రాంటు ఒకే విడతగా కమిషన్ ఖాతాలో పడాలన్న వాక్యం, ఈ రెండూ దాంతోపాటు ఉంటేనే పని జరుగుతుంది. కాగ్ ఆడిట్ ఎలాగూ చట్టంలోనే ఉంది (రాష్ట్ర కమిషన్లకు 35వ సెక్షన్), కాబట్టి ‘స్వేచ్ఛ ఇస్తే తినేస్తారు’ అనేవాళ్ళకు జవాబు సిద్ధంగా ఉన్నట్టే.

ఇవన్నీ దూరపు మాటలు. ఇవాళ ఉన్న చట్టంతో కోర్టుకు వెళ్ళాలంటే 33వ సెక్షన్‌ను పక్కనపెట్టి అదే హక్కుల చట్టంలోని 27వ సెక్షన్‌ను పట్టుకోండి. నా అనుభవంలో ఇదొక్కటే నికరమైన సలహా. ఎంత ఇవ్వాలో ప్రభుత్వానికి తోచినంత అని 33 అంటోంది, దాని మీద మాండమస్ (ప్రభుత్వం ఫలానా పని చేయాలన్న కోర్టు ఆదేశం) అడిగితే ప్రభుత్వ ప్లీడరు ఆ ఒక్క మాట చదివి కూర్చుంటాడు. 27లో ఆ వెసులుబాటు లేదు. సెక్రటరీ స్థాయికి తగ్గని అధికారిని కమిషన్ కార్యదర్శిగా, ఐజీ స్థాయికి తగ్గని అధికారి కింద దర్యాప్తు సిబ్బందిని, పనులు సమర్థంగా జరగడానికి అవసరమైన ఇతర ఉద్యోగులను ప్రభుత్వం ‘సమకూర్చాలి’ అని ఉంది. ఇవ్వవచ్చు అని లేదు. ఎన్ని పోస్టులు మంజూరయ్యాయి, ఎన్ని నిండాయి, దర్యాప్తు విభాగానికి ఐజీ ఉన్నాడా లేడా, ఎన్ని ఫిర్యాదులు పెండింగులో ఉన్నాయి, ఇవి లెక్కలతో పెడితే కోర్టుకు పట్టు దొరుకుతుంది. పోస్టు మంజూరై మనిషి వస్తే జీతం పద్దు దానంతట అదే రావాలి. డబ్బు మనిషి వెనకాల నడుస్తుంది. మా ఆర్థిక శాఖలో అందరికీ తెలిసిన సంగతే, అందుకే కొత్త పోస్టంటే అంత భయం.

కోర్టులు కదిలిన సందర్భాలన్నీ ఇటువైపే ఉన్నాయి. డి.కె. బసు కేసులో 2015 జులైలో సుప్రీంకోర్టు కమిషన్లు లేని రాష్ట్రాలను ఏర్పాటు చేయమని, ఖాళీలు నింపమని గడువు పెట్టి ఆదేశించింది. 21వ సెక్షన్లో ‘ఏర్పాటు చేయవచ్చు’ అని మాత్రమే ఉన్నా ఊరుకోలేదు. మణిపూర్ ఎన్‌కౌంటర్ల కేసులో 2017 జులైలో జాతీయ కమిషన్ కోరల్లేని పులిలా మిగిలిందన్న మాటను ప్రస్తావించి, సిబ్బంది కొరత సంగతి చూడమని కేంద్రానికి చెప్పింది.

సిబ్బంది అంటే ఎవరి సిబ్బంది అన్న పేచీ కూడా ఉంది. జాతీయ కమిషన్ హోదా సమీక్షను ప్రపంచ కూటమి 2023లో, మళ్ళీ 2024లో వాయిదా వేసింది. ప్రభుత్వం పంపిన అధికారే సెక్రటరీ జనరల్ కావడం, పోలీసుల మీద ఫిర్యాదులను డెప్యుటేషన్ మీద వచ్చిన పోలీసులే దర్యాప్తు చేయడం అక్కడ చెప్పిన అభ్యంతరాల్లో ముఖ్యమైనవి. ఇది సూత్రాల గొడవలా కనిపిస్తుంది కానీ మూలం బడ్జెట్టే. సొంత కేడర్ కావాలంటే శాశ్వత పోస్టులు కావాలి, శాశ్వత పోస్టులంటే పింఛన్లు కూడా. డెప్యుటేషన్ మనిషి మూడేళ్ళకు వెళ్ళిపోతాడు, వెళ్ళాల్సిన చోటు తను విచారిస్తున్న శాఖే. నేనూ డెప్యుటేషన్ వాణ్ణే. ఆర్థిక శాఖకు ఘాటుగా ఉత్తరం రాసేటప్పుడు ఏడాది తర్వాత మళ్ళీ అక్కడే చేరాలన్నది కలం చివర ఉండేది. లేదంటే అబద్ధం.

తెలుగు రాష్ట్రాల విషయంలో ఖాళీలనూ డబ్బునూ కలిపి చూడాలి. విభజన తర్వాత తెలంగాణకు సొంత కమిషన్ 2019 డిసెంబరులో గానీ రాలేదు. 2019 సవరణతో పదవీకాలం ఐదేళ్ళ నుంచి మూడేళ్ళకు తగ్గింది కదా, 2022 డిసెంబరుకల్లా వాళ్ళ గడువు అయిపోయింది. మళ్ళీ ఛైర్మన్ వచ్చింది 2025 ఏప్రిల్లో. మధ్యలో రెండేళ్ళకు పైగా కుర్చీలు ఖాళీ. కమిషన్ లేని ఏడాది సిట్టింగులుండవు, ఖర్చుండదు, ఖర్చు లేకపోతే మరుసటి ఏడాది అంకెకు ఆధారం ఉండదు. ఖాళీ అంటే ఒకరకంగా నోటీసు లేని బడ్జెట్ కోతే. ఆంధ్రప్రదేశ్ కమిషన్ 2021లో హైదరాబాద్ నుంచి కర్నూలుకు మారింది. శ్రీకాకుళం మనిషి వాయిదాకు కర్నూలు రావాలంటే రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొసకు ప్రయాణం. అలాంటి చోట క్యాంపు సిట్టింగులకు, వీడియో విచారణకు పెట్టే డబ్బు విలాసం కాదు, ఆ మనిషికి కమిషన్ ఉన్నట్టా లేనట్టా అన్నది దాని మీదే తేలుతుంది. ‘కార్యాలయం’ అని పారిస్ సూత్రాల్లో ఉన్న ఒక్క మాటకు అర్థం ఇదీ.

కమిషన్ల తప్పు కూడా చెప్పకపోతే అన్యాయం. బడ్జెట్ ప్రతిపాదనలు అడిగే సర్క్యులర్ వచ్చినప్పుడు మేం పంపిన కాగితం ఏంటో తెలుసా? నిరుటి పట్టిక తీసి, ప్రతి గడికి పది శాతం కలిపి, కింద సంతకం. ఎన్ని ఫిర్యాదులొస్తాయి, ఒక్కో దర్యాప్తుకు ఎన్ని ప్రయాణాలు, ఎన్ని నోటీసులు, ఎన్ని జైలు తనిఖీలు, వీటికి ఎంతవుతుంది అని కట్టిన లెక్క ఒక్క ఏడాదీ వెళ్ళలేదు. మూడో ఏడాది కూర్చుని కట్టాను. తపాలా ఒక్కటే అడిగినదానికి రెండింతలు తేలింది. ఆ వివరాలతో వెళ్ళిన ప్రతిపాదనను ఆర్థిక శాఖ పూర్తిగా ఒప్పుకోలేదు కానీ తపాలా పద్దును మాత్రం కొట్టలేకపోయింది, ఎందుకంటే రిజిస్టర్ నకళ్ళు జత చేశాం. 28వ సెక్షన్ కింద ఇవ్వాల్సిన వార్షిక నివేదిక సంగతీ అంతే. అది చర్యల వివరాలతో శాసనసభ ముందుకు వెళ్ళాలి. నివేదికే ఆలస్యమైతే సభకు మన గురించి తెలిసేది బడ్జెట్ పుస్తకంలో ఒక్క గీత.

ఇక మీరు చేయాల్సింది. పిల్ కంటే ముందు సమాచార హక్కు కింద దరఖాస్తులు పెట్టండి, కమిషన్‌కు ఒకటి, నోడల్ శాఖకు ఒకటి. ఐదేళ్ళకు బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, అసలు ఖర్చు అడగండి. ప్రతి బీఆర్ఓ నకలు తేదీతో సహా అడగండి, ఈ తేదీలే మీ కేసుకు ప్రాణం. మార్చిలో విడుదలై మురిగిపోయిన మొత్తం ఎంతో విడిగా అడగండి. మంజూరైన పోస్టులు, పనిచేస్తున్నవాళ్ళు, అందులో అవుట్‌సోర్సింగ్ ఎందరు, డెప్యుటేషన్ ఎందరు. డబ్బు 310 కింద గ్రాంటుగా ఇస్తున్నారా, ముక్కలుగానా. ముక్కలుగా ఇస్తుంటే అది 33(2)కు విరుద్ధమని పిటిషన్లో ఒక ప్రార్థన (కోర్టును కోరే అభ్యర్థన) చేర్చవచ్చు. అందులో ప్రభుత్వం ఒక్క రూపాయి అదనంగా ఇవ్వక్కర్లేదు కాబట్టి కోర్టు వినే అవకాశం ఎక్కువ.

ఈ కాగితాలు చేతికొచ్చాక హైకోర్టుకు వెళ్ళేలోపు మీ ప్రాంతపు ఎమ్మెల్యేను ఒక్కసారి కలవండి, ఏ పార్టీ అయినా సరే. పార్లమెంటులో ఉన్నట్టే అసెంబ్లీల్లోనూ కోత తీర్మానాలుంటాయి. ఒక పద్దులోంచి 100 రూపాయలు తగ్గించాలని సభ్యుడు నోటీసు ఇవ్వొచ్చు, దీన్ని టోకెన్ కోత అంటారు. అది నెగ్గాలని ఎవరూ వేయరు. ఫలానా ఫిర్యాదు మీద మాట్లాడటానికి తలుపు తీసే తాళంచెవి అది. డిసెంబరు దాకా ఎన్ని నోటీసులు పోస్టు కాకుండా ఆగాయని సభలో అడిగితే మంత్రి ఏదో ఒకటి చెప్పాలి, ఆ చెప్పింది రికార్డులో ఉంటుంది, దాన్ని మీ అఫిడవిట్‌కు జత చేసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: చివరి రోజున మిగిలిన పద్దులన్నిటినీ చర్చ లేకుండా ఒకేసారి గిలటిన్ చేస్తారు, ఇలాంటి చిన్న పద్దులు తరచూ అందులోనే కొట్టుకుపోతాయి. మీ కమిషన్ పద్దు ఏ శాఖ డిమాండ్‌లో (సభ ఓటుకు పెట్టే ఆ శాఖ ఖర్చుల పట్టికలో) ఉందో, ఆ డిమాండ్ ఏ రోజు చర్చకు వస్తుందో ఎమ్మెల్యే పీఏకి మీరే రాసివ్వండి. బడ్జెట్ సమావేశాలు ఫిబ్రవరి, మార్చిల్లో. సమాచార హక్కు జవాబుకు ముప్పై రోజులు, అప్పీలుకు ఇంకో నెల. దరఖాస్తు నవంబరు దాటకుండా పోస్టు చేయండి. స్టాంపులు మీరే కొనుక్కోవాలి.